హుద్‌హుద్ తర్వాత 13 రోజులు: ఒక పశువుల శాల, ఒక పాత నుయ్యి, నా తప్పు లెక్క

నేను మోటార్లు బాగు చేస్తాను. బోరు మోటార్లు, స్టార్టర్లు, పాలు పితికే మెషీన్లు, అప్పుడప్పుడు ఇళ్ల వైరింగు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లో నేను పానా పట్టుకుని దిగని ఊరు తక్కువ. అక్టోబరు వచ్చి వాయుగుండం అనే మాట టీవీలో వినపడగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "ఎన్ని కేవీఏ జనరేటరు తీసుకోమంటావు?" కేవీఏ అంటే జనరేటరు ఎంత బరువు మోయగలదో చెప్పే కొలత. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను, ఎందుకంటే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేనే ఆ ప్రశ్నకి తప్పు జవాబు చెప్పి మా మేనమామ చేత డబ్బు తగలేయించాను. అందుకే ఆ కేసు మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను. ఈసారి ఫోన్ చేసిన వాళ్లకి ఇదే పంపిస్తా.

ముందు ఫారం సంగతి. ఆనందపురం నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు. అప్పటికి 14 జెర్సీ క్రాస్ ఆవులు, 8 గేదెలు, 9 దూడలు. పాలిచ్చేవి 17, రోజుకి 150 లీటర్ల పైచిలుకు పాలు. రెండెకరాల్లో నేపియర్ గడ్డి, ఎకరంలో బంతి, చామంతి (మా వైపు పూలు వేయని రైతు అరుదు). నీళ్లకి బోరు, అందులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్, అంటే నీళ్లలోనే మునిగి నడిచే మోటారు, 180 అడుగుల దగ్గర దింపి ఉంది. పాలు పితకడానికి ఒకటిన్నర హెచ్‌పీ మోటారుతో నడిచే మెషీన్, గడ్డి కోయడానికి 3 హెచ్‌పీ కటింగ్ మెషీన్. శాల వెనక తాతల నాటి నుయ్యి ఒకటి ఉంది, బోరు వేసిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రాళ్ల సందుల్లో రావి మొక్కలు, గట్టు మీద విరిగిన గిలక. అంతే.

11వ తేదీ శనివారం సాయంత్రం మావయ్యకి ఫోన్ చేశాను. పశువుల తాళ్లు విప్పేయమన్నాను, దాణా బస్తాలు ఎత్తులో పెట్టమన్నాను, మెషీన్ల ప్లగ్గులు పీకేయమన్నాను. ట్యాంకు నింపి పెట్టుకోమని మాత్రం చెప్పలేదు. శాల పక్కన ఇనప స్టాండు మీద 2,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఉంది. రోజూ సాయంత్రం పశువుల్ని కడిగేసరికి అది ఖాళీ అయిపోతుంది, పొద్దున్నే త్రీఫేజ్ ఇచ్చినప్పుడు మళ్లీ నింపుతారు. ఆదివారం పొద్దున త్రీఫేజ్ రాలేదు. పెనుగాలి వచ్చేటప్పుడు లైన్లు ముందే ఆపేస్తారు, ఆపాలి కూడా, తెగిన తీగలో కరెంటుంటే మనుషులు పోతారు. ఆ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా నాకు తట్టలేదు. నిండు ట్యాంకయితే రెండు టన్నుల బరువు, గాలికి కదిలేది కాదు. ఖాళీది కాబట్టి ఎగిరి పక్కవాళ్ల జీడితోటలో పడి అడుగున చీలిపోయింది.

12వ తేదీ గురించి విశాఖ వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మధ్యాహ్నం 12, ఒంటిగంట మధ్య తీరం దాటింది, గంటకి 180 కిలోమీటర్ల గాలి. తుపాను కన్ను మా మీదుగా పోయినప్పుడు కాసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు, ఆ తర్వాత గాలి రెండో దిక్కు నుంచి తిరగబడి కొట్టింది, మొదటి విడతలో ఒరిగిన చెట్లు రెండో విడతలో పడ్డాయి. నేను మధురవాడలో అద్దె ఇంట్లో బాత్రూం తలుపు పట్టుకుని కూర్చున్నాను. ఫోన్లు పోయాయి. మావయ్య వాళ్లు ఉన్నారో లేదో తెలీదు.

సోమవారం తెల్లారాక నడిచి బయల్దేరాను. పదమూడు కిలోమీటర్లు, నాలుగు గంటలు పట్టింది. హైవే మీద పడిన చెట్లెక్కి దిగుతూ, తీగలు ఎక్కడున్నా వాటికి పది అడుగులు దూరంగా జరుగుతూ వెళ్లాను. నిలబడి ఉన్న చెట్ల ఆకులు కూడా మాడిపోయినట్టు గోధుమరంగులో ఉన్నాయి, ఉప్పుగాలికి కమిలిపోయాయి. కొండలన్నీ ఎండాకాలంలో మంట అంటుకున్నట్టు ఉన్నాయి. కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ వెళ్లాను, అలవాటు కదా. మధురవాడ దాటాక లోపలి రోడ్డులో నిటారుగా ఉన్న స్తంభం ఒక్కటి కనిపించేసరికి పడిపోయినవి ముప్ఫై ఆరు అయ్యాయి. అప్పుడే అనుకున్నాను, ఇది మూడు నాలుగు రోజుల పని కాదని.

శాల మీద రేకులు సగం లేవు. పశువుల్లో ఒక పెయ్య కాలు విరిగింది, మిగతావి బాగానే ఉన్నాయి. అవి అరుస్తున్న తీరు మాత్రం వేరుగా ఉంది. అత్తయ్య నన్ను చూసి ఏడవలేదు, తిన్నావా అని కూడా అడగలేదు. "నానా, మోటారు ఎప్పుడాడుద్ది?" అంది. ఆదివారం పొద్దుట్నుంచి పశువులకి సరిగ్గా నీళ్లు లేవు. వానకి చేలన్నీ నీళ్లే, కానీ ఆ నీళ్లలో పేడకుప్ప కరిగి కలిసింది, ఆవులు మూతి పెట్టి తీసేస్తున్నాయి. గేదెలు తాగేశాయి, వాటికి అంత పట్టింపు లేదు, రెండింటికి తర్వాత విరోచనాలు పట్టుకున్నాయి.

నేను చేయాల్సిన మొదటి పని, కూర్చుని ఎన్ని నీళ్లు కావాలో లెక్క వేయడం. అది నేను మూడో రోజుకి గానీ చేయలేదు. ఇప్పుడు ఇక్కడ చేసి చూపిస్తాను. పెద్ద పశువుకి ఆ కాలంలో తాగడానికి రోజుకి 70 లీటర్లు వేసుకుంటే 22 పశువులకి 1,540. దూడకి 20 చొప్పున 9 దూడలకి 180. మొత్తం 1,720 లీటర్లు. పొదుగులు కడగడానికి, పాల గిన్నెలకి, ఇంట్లోకి కలిపి మరో 500 అనుకోండి. మామూలు రోజుల్లో మావయ్య రోజుకి 6,000 లీటర్లు వాడేవారు, అంటే అందులో సగానికి పైగా శాల కడగడానికే పోయేదన్నమాట. ప్రాణానికి కావలసింది రెండు వేల పైచిలుకు మాత్రమే. ఈ ఒక్క అంకె ముందే తెలిస్తే మిగతా కథంతా వేరేగా ఉండేది.

తెలియలేదు కాబట్టి ఏం చేశామంటే, "మోటారు ఆడాలి" అనే మాట పట్టుకున్నాం. అందరి బుర్రలోనూ నీళ్లంటే మోటారే. మొదటి రెండు రోజులూ నూతిలోంచి చేదతో తోడుతూనే (గిలక పాడైతే గట్టు మీద తాటిదుంగ అడ్డం వేసి దాని మీంచి మోకు లాగాం), జనరేటరు కోసం మనిషిని పంపాం. 12 లీటర్ల చేద, నిమిషానికి ఒకటి తోడితే పశువులు తాగడానికే దాదాపు రెండున్నర గంటలు. చెప్పడానికి ఎంతో అనిపించదు. మూడో పూటకి నా అరచేతులు బొబ్బలెక్కి, మావయ్యకి నడుం పట్టేసి, అత్తయ్య, పక్కింటి కుర్రాడు తోడారు. ఆవిడ పైట నడుముకి చుట్టుకుని ఒక కాలు గట్టుకి తన్నిపెట్టి లాగుతుంటే చేద ఒక్కసారి కూడా రాయికి తగల్లేదు. మేం లాగినప్పుడు సగం నీళ్లు రాళ్ల మీదే పోయేవి.

బుధవారం, అంటే 15న, జనరేటరు వచ్చింది. 7.5 కేవీఏ, త్రీఫేజ్, ట్రాక్టరు ట్రక్కులో. రోజుకి 2,500 అద్దె, మూడు రోజులది ముందే కట్టాలి. మామూలుగా దాని అద్దె 800 ఉండేది. ఇచ్చినాయన్ని ఏమీ అనలేం, ఆ వారం ఆయన ఇంటి ముందు పెళ్లివారిలా జనం. "5 హెచ్‌పీ మోటారు లాగుద్దా" అని మావయ్య అడిగితే నేనే "లాగుతుంది మావయ్యా, 5 హెచ్‌పీ అంటే మూడుముప్పావు, నాలుగు కిలోవాట్లే కదా" అన్నాను. డిప్లొమా చదివినవాణ్ణి. పదేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి.

మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటు వేరు, కదిలేటప్పుడు తీసుకునేది వేరు. ఆ 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు దాదాపు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేసే స్టార్టరులో బటన్ నొక్కిన ఆ క్షణంలో దానికి ఆరింతలు లాగుతుంది, అంటే 48 దాకా. 7.5 కేవీఏ జనరేటరు ఇవ్వగలిగేది 10 ఆంపియర్ల పైచిలుకు. ఊరి లైను అయితే ఆ ఒక్క క్షణం తట్టుకుంటుంది, జనరేటరు తట్టుకోదు.

బటన్ నొక్కగానే ఇంజన్ మూలిగి, చప్పుడు లోతుకి దిగిపోయింది. వోల్టేజి పడిపోయింది, పడిపోగానే స్టార్టరు లోపల కరెంటు కలిపే స్విచ్, అంటే కాంటాక్టరు, పట్టుకోలేక వదిలేసింది, వదలగానే జనరేటరు మళ్లీ లేచింది, లేవగానే కాంటాక్టరు మళ్లీ పట్టుకుంది, మళ్లీ వదిలింది. టకటకటకమని వడ్రంగిపిట్ట కొట్టినట్టు. వెంటనే ఆపాలి. నేను ఆపకుండా, పుంజుకుంటుందేమోనని ఇంకో నాలుగు సెకన్లు బటన్ మీద వేలు పెట్టే ఉంచాను. నీలంగా మెరుపు, కాలిన వాసన, జనరేటరు బ్రేకరు పడిపోయింది. మూత తీసి చూస్తే కాంటాక్టరు పాయింట్లు రెండు కలిసి అతుక్కుపోయాయి. మోటారు కాలకపోవడం మా అదృష్టం. వాల్వు సగం మూసి ఇంకోసారి ప్రయత్నించాలన్న ఆలోచన కూడా వచ్చింది, సబ్‌మెర్సిబుల్‌ని కదిలించేటప్పుడు దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు, చేయలేదు. ఆ మోటారుకి 15 కేవీఏ కావాలి. ఆ వారం మండలంలో 15 కేవీఏ ఖాళీగా దొరికే పరిస్థితి లేదు.

మావయ్య ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. అత్తయ్యే అంది, "ఒరే నానా, నీ బోరు సంగతి తర్వాత చూద్దువు గానీ, నూతిలో నీళ్లు చేతికందేలా ఉన్నాయి, దాని మీద పెట్టరేటి మిషను?"

ఈ కేసులో మలుపు అక్కడే ఉంది, చెప్పింది నేను కాదు. బోరు ఎందుకు వేశారు? ఎండాకాలంలో నుయ్యి అడుగంటుతుంది కాబట్టి. తుపాను తర్వాత నుయ్యి ఎలా ఉంది? గట్టు నుంచి ఎనిమిది అడుగుల్లో నీళ్లు. నీటిని యాభై మీటర్లు పైకి తోయడానికి కావలసిన బలం వేరు, ఏడెనిమిది అడుగులు లాగి తొట్టిలో పోయడానికి కావలసిన బలం వేరు. మేం మామూలు రోజుల ఏర్పాటునే జనరేటరుతో బతికించాలని చూశాం. వానలు కురిసి భూమి నీళ్లు పట్టుకున్నాక ఆ ఏర్పాటు అవసరమే లేదు.

ఊళ్లో ఒక తాతగారి పాకలో 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజన్ పంపుసెట్టు ఉంది. తొమ్మిదేళ్లుగా దాని మీద పిడకలు ఆరబెడుతున్నారు. గురువారం పొద్దున్న ఎడ్లబండి మీద తెచ్చాం. డీజిల్ ట్యాంకులో అడుగున జిగురులా పేరుకున్నదంతా గోకి, కడిగి, ఫిల్టరు మార్చడానికి కొత్తది లేక పాత గుడ్డతో వడపోసి, పైపులో గాలి తీశాను. డీజిల్ కూడా తేలిగ్గా దొరకలేదు. బంకుల్లో నూనె ఉంది, తోడే పంపుకి కరెంటు లేదు. జనరేటరు ఉన్న బంకు దగ్గర కిలోమీటరు క్యూ. మాకున్నది జనరేటరు కోసం తెచ్చిన 20 లీటర్లే.

ఇంజన్ కష్టపడి లేచింది. పంపు నీరు లాగలేదు. లాగుడు పైపు కింద నీళ్లు వెనక్కి జారకుండా పట్టే ఫుట్‌వాల్వు తోలు ఎండి బిగుసుకుపోయింది, పైనుంచి పోసిన నీళ్లు పోసినట్టే కిందికి జారిపోతున్నాయి. బకెట్ల మీద బకెట్లు పోశాం. ఇలాంటప్పుడు పాతకాలం రైతులు చేసే పని ఒకటుంది, పుస్తకాల్లో ఉండదు: తాతగారు వచ్చి ఒక తట్టెడు పచ్చి పేడ తెప్పించి నీళ్లలో చిక్కగా కలిపి, గడ్డిపోచలు ఏరేసి, అది పైపులో పోయమన్నారు. పేడ నీళ్లు కిందికి జారుతూ వాల్వు అంచుల్లో చిక్కుకుని సందులు మూసేశాయి. పైపు అతుకుల దగ్గర గాలి పీల్చే చోట కూడా అదే పేడ మెత్తి గుడ్డ చుట్టాం. నిండింది. హ్యాండిల్ తిప్పి, పైన లివరు వదిలేసరికి ముందు పచ్చటి నీళ్లు ఉమ్మింది, తర్వాత మట్టి రంగు, ఆ తర్వాత తెల్లటి నీళ్లు, తొడ లావు ధార. గేదెలు తాళ్లు తెంపుకుని వచ్చాయి. తొట్టి, రెండు గోలాలు, జీడితోట నుంచి తెచ్చి చీలిక పైకి వచ్చేలా పడుకోబెట్టిన ట్యాంకులో పట్టినంత, అన్నీ నిండడానికి పదిహేను నిమిషాలు పట్టలేదు. తర్వాత రోజుల్లో లెక్క చూసుకుంటే, పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, మొత్తం అర లీటరు డీజిల్‌తో నీళ్ల పని అయిపోయింది. 2,500 అద్దె జనరేటరు చేయలేని పని.

నూతి నీళ్లు శుభ్రం చేయడం గురించి కూడా రాయాలి, అందరూ దీన్ని చెంచా లెక్కల్లో చెప్తారు. వెడల్పు మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మాది 4 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల నీరు, అంటే 62,800 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్లకి రెండున్నర గ్రాములు, కాబట్టి 160 గ్రాముల దాకా. బకెట్లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే నూతిలో పోసి, చేదతో కలియబెట్టి, రాత్రంతా వదిలేశాం. ఇంట్లోకి మాత్రం కాచుకునే తాగాం.

ఇక పాలు. నీళ్ల కన్నా ఇది ఎక్కువ బాధ పెట్టింది. మెషీన్‌కి అలవాటైన ఆవులు చేత్తో పట్టుకుంటే పాలు చేపక తంతాయి. 17 పశువుల్ని అత్తయ్య, మావయ్య, ఒక కూలీ మనిషి పితకాలి. మొదటి రెండు రోజులు పూర్తిగా పితకలేకపోయారు, పొదుగులో పాలు మిగిలిపోయాయి, నాలుగో రోజుకి మూడు ఆవులకి పొదుగువాపు. పశువుల డాక్టరుగారు బైక్ మీద రాగలిగింది శుక్రవారమే. ఆయన చెప్పిన ఒక మాట ఎక్కడా వినలేదు, విన్నాక ఇంత తేలికా అనిపించింది: "పితకలేనప్పుడు పాలెందుకు తయారు చేయిస్తున్నారు? దాణా సగం చేయండి, ఎండు గడ్డి పెట్టండి, పాలు వాటంతటవే తగ్గుతాయి." తగ్గాయి. రోజుకి 150 లీటర్ల నుంచి వారం తిరిగేసరికి 90కి దిగింది. కొత్తగా ఈనిన రెండింటికి మాత్రం దాణా తగ్గించొద్దన్నారు.

పితికిన పాలు ఏం చేయాలి? సేకరణ బండి రోడ్డు తెరుచుకునే వరకు రాలేదు. క్యాన్లు నూతిలోకి దింపితే చల్లగా ఉంటాయని మావయ్య దింపారు. థర్మామీటరు పెట్టి చూశాను. మా నూతి నీళ్లే 28 డిగ్రీలు. పొదుగు నుంచి 37 దగ్గర వచ్చిన పాలు 29, 30కి దిగుతాయి, అంతకన్నా దిగవు. గంటో రెండు గంటలో ఆయుష్షు పెరుగుతుంది, అంతే. మొదటి మూడు రోజుల పాలు ఊళ్లో పిల్లలున్న ఇళ్లకి ఊరికే ఇచ్చాం, మిగిలింది అత్తయ్య రెండు పొయ్యిల మీద కోవా కాచింది. కట్టెలకి మాత్రం కరువు లేదు, ఊరంతా కట్టెలే, పచ్చివి కాబట్టి పొగ.

నాలుగో రోజు నుంచి మావయ్య బైక్‌కి రెండు క్యాన్లు కట్టుకుని హనుమంతవాక దాకా వెళ్లడం మొదలుపెట్టారు. నగరంలో పాల ప్యాకెట్ల కోసం జనం వరసలు కడుతున్నారు, నోటికొచ్చిన ధర. మావయ్య మాత్రం పాత ధరకే పోశారు. ఆ విషయంలో ఇంట్లో గొడవ కూడా అయింది, జనరేటరు అద్దె ఎవరిస్తారని అత్తయ్య అడిగింది, ఆవిడ అడిగిందాంట్లో న్యాయం ఉంది. ఈయన వినలేదు. అప్పుడు పాలు పోయించుకున్న వాడుకదారులు చాలామంది ఇప్పటికీ ఉన్నారు, అదే లాభమనుకోవాలేమో.

జనరేటరుని మరి వెనక్కి పంపేశామా? లేదు. మూడు రోజుల డబ్బు కట్టాం కదా, ఊరికే ఉంచడం దేనికని పాల మెషీన్‌కి పెట్టి చూశాను. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, నడిచేటప్పుడు రెండున్నర ఆంపియర్లు, కదిలేటప్పుడు పదిహేను. ఇది ఆ చిన్న జనరేటరు క్షణకాలం తట్టుకోగలిగే బరువు. స్టార్ట్ చేసే ముందు వాక్యూమ్ లైను కాక్ తెరిచి ఉంచితే పంపు బరువు లేకుండా తిరుగుతుంది, వేగం అందుకున్నాక మూయాలి. మొదటిసారే లేచింది. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర, అదే సమయంలో ఊరి వాళ్ల ఫోన్లు, టార్చిలైట్లు, మా ఎమర్జెన్సీ లైట్లు ఒకే బోర్డు మీద చార్జింగు. రోజుకి మూడు లీటర్ల డీజిల్. పొదుగువాపు కొత్తగా ఎవరికీ రాలేదు. అద్దె బేరమాడి 1,500కి తగ్గించుకుని మరో ఎనిమిది రోజులు ఉంచాం. గడ్డి మెషీన్ 3 హెచ్‌పీది, దాని జోలికి వెళ్లలేదు. బెల్టు తీసేసి చక్రానికి పిడి బిగించి చేత్తో తిప్పాం. నేలకొరిగిన నేపియర్ ఎలాగూ మట్టి పట్టి ఉంది, ముందు కడగాలి, కాబట్టి ఎక్కువ కోసే పనే పడలేదు. కూలిన పనస, అరటి ఆకులు కొన్నాళ్లు గడిపాయి.

ఈ మధ్యలో ఒక చిన్న గొడవ. పక్కింటాయన వచ్చి, జనరేటరు వైరు మా సర్వీసు వైరుకి తగిలిస్తే ఆయన ఇంట్లో కూడా రెండు లైట్లు వెలుగుతాయన్నారు. "రెండు లైట్లకి నీ సొమ్మేం పోద్ది" అని నిష్ఠూరం. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. జనరేటరు 415 వోల్టులు సర్వీసు వైరులోకి ఎక్కితే, అది వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్లి అటువైపు 11,000 వోల్టులుగా బయటికి వస్తుంది. అక్కడ స్తంభమెక్కి, లైను చచ్చిపోయి ఉందన్న నమ్మకంతో ఒట్టి చేతులతో తీగ పట్టుకునే కుర్రాడు ఉంటాడు. వేరే జిల్లాల నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి పనిచేస్తున్నారు వాళ్లు. మెయిన్ ఆపేస్తే చాలు కదా అంటారు. ఎవరో ఒకరు మర్చిపోయి ఎత్తుతారు. లైనుకీ జనరేటరుకీ ఒకేసారి తగలడానికి వీల్లేని చేంజోవర్ స్విచ్ ఉంటే మాట్లాడదాం, లేకపోతే విడి వైరు లాగి విడి బోర్డు. పక్కింటికి ఒక వైరు లాగి ఒక బల్బు పెట్టి వచ్చాను, గొడవ తీరింది.

23న దీపావళి. చుట్టూ ఎండిన ఆకులు, కూలిన చెట్లు, నిప్పురవ్వ పడితే ఊరు మిగలదు, పిల్లలు కూడా టపాసుల మాట ఎత్తలేదు. ప్రమిదలు మాత్రం అందరూ పెట్టారు. ఊరంతా చీకట్లో ప్రమిదలు ఎలా ఉంటాయో నేను మొదటిసారి చూశాను.

25వ తేదీ శనివారం మధ్యాహ్నం కరెంటొచ్చింది. ఇక్కడ కేసు అయిపోవాలి, కాలేదు. ఈ లోపే స్టార్టరు పెట్టె విప్పి, నీళ్లు పోయిన భాగాలు రెండు రోజులు ఎండలో పెట్టి, అతుక్కున్న పాయింట్లు మార్చి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరు పెట్టి చూసుకున్నాను, మోటారు ఇన్సులేషన్ బాగానే ఉంది. కరెంటు రాగానే మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజి నిలబడిందా అని గంట సేపు చూశాకే ఆన్ చేశాను. మోటారు తిరిగింది. నీళ్లు మాత్రం పిల్లవాడు ఉచ్చ పోసినట్టు వచ్చాయి.

"బోరు పూడిపోయిందిరా" అన్నారు మావయ్య. ఊళ్లో అప్పటికే ఆ మాట తిరుగుతోంది. తుపానుకి భూమి కదిలి బోర్లన్నీ పూడిపోయాయట. ఇద్దరు రైతులు కంప్రెసర్ బండి పిలిపించి బోరు కడిగించుకుని వేలకి వేలు ఇచ్చుకున్నారు కూడా. నేను గడ్డి మెషీన్ దగ్గరికి వెళ్లి దాని మోటారు ఒక్క క్షణం ఆన్ చేసి చూశాను. మోటారు పుల్లీ వెనక్కి తిరిగింది. స్తంభాలన్నీ కొత్తగా పాతి తీగలన్నీ కొత్తగా లాగినప్పుడు ఫేజుల వరస ఎక్కడో మారింది. వరస మారితే త్రీఫేజ్ మోటారు ఎదురు తిరుగుతుంది, సబ్‌మెర్సిబుల్ భూమి లోపల ఎటు తిరుగుతోందో కంటికి కనపడదు, నీళ్లు తగ్గడం ఒక్కటే కనపడుతుంది. మెయిన్ ఆపి, స్టార్టరులో రెండు వైర్లు అటువి ఇటు మార్చాను. ఐదు నిమిషాల పని. ధార వచ్చింది. ఆ సాయంత్రం నుంచి వారం రోజులు నేను ఊరూరా తిరిగి చేసింది ఆ ఒక్క పనే, చాలా చోట్ల టీ నీళ్లకే. కడిగించుకున్న ఇద్దరికి సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. ఒకాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

ఖర్చు చెప్పి ముగిస్తాను. జనరేటరు అద్దె 11 రోజులకి 19,500. డీజిల్ మొత్తం 40 లీటర్లు దాటలేదు, అందులో నీళ్లకైంది ఐదు లీటర్లు. పొదుగువాపు మందులు, ట్యాంకు, రేకులు వేరే. మొదటి రోజే ఆయిల్ ఇంజన్ నూతి మీద పెట్టి, ఆ జనరేటరుని నేరుగా పాల మెషీన్‌కి పెట్టి ఉంటే అద్దె తగ్గేది కాదేమో గానీ మూడు ఆవులు పొదుగువాపుతో బాధపడేవి కావు. ఒక ఆవుకి ఒక చన్ను ఎప్పటికీ పోయింది.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు చుట్టాల ఊరికి వెళ్లాను. అక్కడా అదే, ఉద్దానంలో కొబ్బరి చెట్లన్నీ పడి ఉంటే జనం పెద్ద జనరేటర్ల కోసం ఒడిశా సరిహద్దు దాకా తిరుగుతున్నారు, ఇంటి వెనక నేల నూతులు నిండి ఉన్నాయి. ముందు రోజుకి ఎన్ని లీటర్లు కావాలో రాయమన్నాను, తర్వాత ఆ నీళ్లు ఎంత లోతులో దొరుకుతాయో చూడమన్నాను. జనరేటరు సంగతి చివరికి. మా విశాఖ నగరంలో హుద్‌హుద్ తర్వాత భూగర్భ కేబుళ్లు వేశారు. పల్లెల్లో మాత్రం స్తంభాలే, గాలొస్తే మళ్లీ పడేవే.

తాతగారు పోయాక ఆ ఆయిల్ ఇంజన్ మావయ్యే కొన్నారు, 6,000 ఇచ్చి. నూతి గట్టు పక్కన రేకు కింద పెట్టి, ప్రతి అమావాస్యకి ఒకసారి తిప్పాలని నియమం పెట్టుకున్నారు. తేదీలయితే మర్చిపోతారు, అమావాస్య అయితే అత్తయ్య గుర్తు చేస్తుంది. మొన్న అమావాస్యకి నేను అక్కడే ఉన్నాను. నాలుగుసార్లు తిప్పినా లేవలేదు. నాజిల్ అనుకున్నాను, డీజిల్‌లో నీళ్లనుకున్నాను, విప్పడానికి పానాల సంచి కూడా తెరిచాను. మావయ్య వంగి సైలెన్సర్ గొట్టంలోకి చూసి, చీపురుపుల్ల పెట్టి గెలికితే, కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడు ముక్కలు ముక్కలుగా రాలింది. ఐదోసారి అందుకుంది.